మేత మిగిల్చిన కోడె

మా పుట్టింట్లో మాంసం అన్న మాట పలకరు. ఆ ఇంటి ఖర్చులు గడిచేది మాత్రం కోడెల మీదే. తమిళ సీమలో, కావేరిపట్టణానికి ఎగువన, మెట్ట పల్లెలో మా అన్నకు నాలుగు ఆవులున్నాయి. వాటి మగదూడలను మేపి, ఒళ్ళు చేశాక పోచంపల్లి సంతకు తోలుతాడు. అక్కడ అవి లారీ ఎక్కి పడమరకు పోతాయి. ఎందుకు పోతాయో సంతలో టీ అమ్మేవాడికి కూడా తెలుసు. మా ఇంట్లో మాత్రం "కేరళకు పనికి పోయినాది" అంటారు. ఏం పని, సెలవులకు ఎందుకు రాదు అని చిన్నప్పుడు అడిగితే మా అమ్మ నా నోటిమీద ఒకటి వేసింది. ప్రశ్నకు జవాబు లేనప్పుడు పెద్దలు ఏం చేస్తారో అప్పుడే తెలిసింది.

ఇప్పుడు నేను హోసూరు పక్క మూకండపల్లిలో ఉంటాను. దిష్టి, ముహూర్తాలు ఉత్త మూఢనమ్మకాలని సభల్లో మాట్లాడతాను. సభలో గెలవడం పెద్ద కష్టం కాదు, వచ్చేవాళ్ళలో సగంమంది ముందే ఒప్పుకొని వస్తారు. మా అన్న ఏ సభకూ రాడు.

పోయిన ఏడు ఎండాకాలంలో గడ్డివామి మధ్యలోనే అయిపోయింది. కసువు కోసి, మోపుకట్టి, కిలోమీటర్ల కొద్దీ తలమీద మోసింది మా వదిన. ఆవులంటే ఆమెకు ప్రాణం. అయినా ఒకరోజు కొట్టం ముందు మోపు దించి, "ఇంగ నా మెడ మొయ్యదు. వచ్చే ఏడు గూడా ఇట్లనే అయితే ఆవుల్ని అమ్మేసేదే" అంది. అని, ముఖం కొంగుతో తుడుచుకుంది.

మందలో ముసలి ఆబోతు పనికి రాకుండా పోయింది. రెండు కుర్రకోడెలున్నాయి. ఒకదాన్ని ఆవులకు ఉంచుకోవాలి, రెండోదాన్ని సంతకు తోలాలి. తక్కువ మేతతో ఒళ్ళు చేసే గుణం తండ్రి నుంచి పిల్లలకు కొంత దిగుతుంది. కాబట్టి వదిన ఆవులు కొట్టంలో ఉండేదీ పోయేదీ ఈ ఎంపిక మీదే ఉంది.

మా అన్న దృష్టిలో ఎంపిక ఎప్పుడో అయిపోయింది. తెల్లకోడెకు నుదుట గోపురసుడి. ఎర్రకోడెకు వెన్ను మీద పాడెసుడి. సుడి అంటే మరేం కాదు, వెంట్రుకలు గుండ్రంగా తిరిగిన చోటు. గోపురసుడి ఇంటికి కలిసొస్తుందట, పాడెసుడి యజమానిని పాడె ఎక్కిస్తుందట.

"రెండిటికీ సమంగా మేత తూచి వేద్దాం. తినింది ఎంత, పెరిగింది ఎంత చూద్దాం," అన్నాను.

"పానముండేదాన్ని కొలిస్తే ఎదుగుదల నిలిచిపోతాదమ్మా," అన్నాడు అన్న.

"కొలవనీ. మోసేది నేను గదా," అంది వదిన.

చివరికి షరతులతో ఒప్పుకున్నాడు. శుక్రవారం కొలవకూడదు. అమావాస్యకు కొలవకూడదు. టేపు పనికిరాదు, అది టైలరు గుడ్డ కొలిచేది. ఛాతీ చుట్టూ తాడు వేసి ముడి కట్టుకోవాలి. కొలిచిన ప్రతిసారీ వదిన ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తుంది. మా ప్రయోగమంతా ఆ ఘాటులోనే జరిగింది.

రాగి కోతల నాటికి ఫలితం తేలిపోయింది. రెండు కోడెలూ ఇంచుమించు ఒకేలా పెరిగాయి. తెల్లది తొట్టి నాకి, ఇంకా కావాలని అరిచేది. ఎర్రది రోజూ కాస్త మిగిల్చి పడుకునేది. గెలిచినదాన్నై ఊరికి పోయాను. పోయేసరికి ఎర్రకోడె మెడలో నల్లదారం ఉంది. అన్న దాని నోట్లో వెదురుగొట్టం పెట్టి ఏదో కషాయం పోస్తున్నాడు.

"ఏమైంది దీనికి?"

"తినడంలే. రోగమో, దిష్టో. నువ్వే చూస్తివి గదమ్మా, దినామూ మిగుల్చుతాది."

"అన్నా, తక్కువ తిని అంతే పెరగడం రోగం కాదు. దానికోసమే కదా ఇన్నాళ్ళూ కొలిచింది?"

"పెండ్లిలో విస్తరి ముందర కూర్చోని, రెండు ముద్దలు తిని లేచిపోయేవాణ్ణి యెవురన్నా అల్లుణ్ణి చేసుకుంటారా?" అన్నాడు అన్న. కొట్టం ఊడుస్తున్న వదిన నవ్వు ఆపుకోలేకపోయింది.

నేను సుడి మీదికి వెళ్ళాను. "అది యజమానిని చంపేదైతే, కొన్నవాడికి అంటగట్టడం పాపం కాదా?"

"సంతలో కొనేవాని దగ్గర అది ఉండేది ఒగటో రెండో దినాలు. అంతలోపల అదేం చేస్తాది?" అన్నాడు. ఎవరు ముందు పోతారో ఆయన లెక్క వేసే పెట్టుకున్నాడు.

సంత రోజు ముగ్గురమూ ఎర్రకోడెతో పోచంపల్లికి పోయాము. వదిన వద్దు వద్దంటూనే వచ్చింది. రైతులు ఒక్కొక్కరే వచ్చి కోడె వెన్ను మీది సుడి చూసి పక్కకు జరిగిపోయారు. లారీకి ఎక్కించే వ్యాపారి మాత్రం వెన్ను వైపు చూడనే లేదు. తొడ మీద చరిచాడు, పక్కటెముకలు తడిమాడు.

"సుళి గిళి చూడవా?" అని తమిళం కలిపి అడిగాను.

"నాకెందుకమ్మా? దాంట్లో కండ ఉంటాదా?" అన్నాడు. సంత మొత్తంలో హేతువాది ఆయనొక్కడే.

అన్న తువ్వాలు తీశాడు. ఇద్దరూ దాని కింద చేతులు కలిపి వేళ్ళతో బేరం మొదలుపెట్టారు. వ్యాపారి బెట్టు చేశాడు. దాంతో అన్న కోడెను పొగడడం మొదలుపెట్టాడు. "ఒళ్ళు చూడప్పా. దీన్ని మేపినట్టే లేదు నాకు. వేసిందాంట్లో మిగుల్చుతాది. అయినా తొడ చూడు. ఇట్లాంటిది ఈ సంతలో యాడుంది?"

వెనక నుంచి వదిన ముందుకొచ్చింది. "అదేంది, ఇంట్లో రోగమైంది ఈడికొస్తే గుణమైపాయనా?"

"బేరంలో అట్లనే చెప్తారు. నువ్వూరుకో."

"నిజమా, అబద్ధమా? అబద్ధమైతే ఆయప్పను మోసం చేస్తుండావు. నిజమైతే నన్ను మోసం చేస్తుండావు."

నేను సభల్లో గంటసేపు మాట్లాడినా ఇంత సూటిగా చెప్పిన గుర్తు లేదు. వ్యాపారి తువ్వాలు కింద నుంచి చెయ్యి తీసేశాడు. "అన్నా, ముందు ఇంట్లో బేరం ముగించుకోని రా."

అన్న కోడె పక్కనే కూలబడ్డాడు. గొంతు తగ్గించి, "నాయన కన్నుమూసిన ఏడు కొట్టంలో పాడెసుడి ఎద్దు ఉండె," అన్నాడు.

నాయనకు చక్కెర వ్యాధి. మందులు మానేసి పత్యం చెప్పేవాడి వెంట తిరిగాడు. ఆ మాట చెప్పాను. అన్న తల ఊపాడు గానీ భయం తగ్గలేదు. కాసేపటికి ముఖం తేటపడింది.

"సుడి కొట్టేది సొంతగాణ్ణి గదా. నీకు నమ్మకం లేదు. కోడెను నువ్వు తీసుకో. కొట్టం నాది, కోడె నీది."

తీసుకోకపోతే నాకూ భయమున్నట్టు. తీసుకుంటే, యజమాని ఎవరన్నది సుడికి తెలుస్తుందని ఒప్పుకున్నట్టు. ఎటు తిరిగినా సుడికే ఒక ఓటు. వదిన నా వైపే చూస్తోంది. అక్కడే, చుట్టూ జనం చూస్తుండగా, అన్న చేతి నుంచి ఆకూవక్కా అందుకున్నాను. మూకండపల్లి అద్దె ఇంట్లో మూడో అంతస్తులో ఉంటూ ఒక కోడెకు యజమానురాలినయ్యాను.

రెండు వారాలకు తెల్లకోడె కేరళకు పనికి పోయింది. గోపురసుడి సంగతేమిటని అడిగాను. "ఆ సుడి వల్లనే మంచి యాపారి దొరికినాడు," అన్నాడు అన్న.

ఎర్రకోడెకు తక్కువ తినే పిల్లలే పుడతాయని నేను రాసివ్వను. ఒక్క కోడెను చూసి జాతి గుణం తేల్చలేము; దూడలు పుట్టి, వాటి మేతా కొలవాలి. వదిన ఆవులు మాత్రం ఇంకా కొట్టంలోనే ఉన్నాయి. మూడు చూలుతో ఉన్నాయి.

పండగకు కూడా ఫోన్ చేయని అన్న ఇప్పుడు రోజూ పొద్దున్నే చేస్తాడు.

"ఏమ్మా, బాగుండావా?"

"బాగుండాను."

"సరే," అని పెట్టేస్తాడు.

మొన్న నాకు జలుబు చేసింది. ఆ పొద్దున అన్నతో ఫోనులో మాట్లాడుతూ తుమ్మాను. సాయంత్రానికి, ఎర్రకోడెను సంతకు తోలడానికి ఆయన బండి మాట్లాడబోతున్నాడని వదిన ఫోన్ చేసింది.

"నాలుగో ఆవు గూడా చూలు కట్టనీమ్మా," అంది. "అంతవరకూ నీకు ఒళ్ళు బాగలేకపోతే నాకు చెప్పు, ఆయనకు చెప్పొద్దు."