పదకొండు మంది వస్తేనే పన్నెండో ఎపిసోడ్

కాజీపల్లిలో మార్తమ్మ ఆంటీ ఇంట్లో గది కిరాయికి కావాలంటే ఒకే ఒక్క షరతు. రోజూ సాయంత్రం ఏడింటికి ఆమె హాల్లో చాప మీద కూర్చుని, పద్దెనిమిదేళ్ల కిందటి ఒక కొరియా సీరియల్ చూడాలి. చూస్తే గది ఉంటుంది. చూడకపోతే తట్టాబుట్టా సర్దుకోవాలి.

నారాయణఖేడ్ నుంచి బ్యాగు పట్టుకుని దిగిన రోజు నాకీ సంగతి తెలియదు. ఆధార్ కార్డు చూపించబోతే ఆమె పక్కకు నెట్టేసింది.

"పేరేంది?"

"మహిత, ఆంటీ. మాత్రల ప్యాకింగ్‌ల పని దొరికింది."

"జనరల్ షిఫ్టేనా? సాయంత్రానికి ఇంటికొస్తవా?"

"ఆఁ."

"ఏ దేవునికి మొక్కుతవో నాకు అక్కెరలేదు. ఏం తింటవో అక్కెరలేదు. కొరియాది సూస్తవా?"

"నాకు సీరియళ్ల అలవాటు లేదాంటీ."

"అయితది," అని తాళంచెవి చేతిలో పెట్టింది.

అయింది. కాక చస్తుందా? పదహారు ఎపిసోడ్లు. రోజుకొకటి. పదిహేడో రోజున మళ్లీ మొదటిది. పటాన్‌చెరులో సెల్‌ఫోన్ల దుకాణం నడిపే ఆమె చెల్లెలి కొడుకు ఎప్పుడో పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇచ్చాడట. వేరేది తెస్తానన్నా ఆమె ఒప్పుకోలేదట. నేను ఆ ఇంట్లో మూడేళ్లున్నాను. హీరో ఏ సీనులో ఏ చొక్కా తొడుక్కుంటాడో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అందులో అందరివీ మడత ఫోన్లే. హీరోకు కోపం వచ్చి ఫోన్ మూస్తే, ఆంటీ టపీమని చప్పట్లు చరిచేది. ఆ మోతకు ఆంటీ భర్త బర్నబా అంకుల్ ఒక్కడే ఉలిక్కిపడడు. ముప్పై ఏళ్లు బాయిలర్ దగ్గర పనిచేసి చెవులు పోగొట్టుకున్న మనిషి. మేం నవ్వితే, ఒక నిమిషం ఆగి, ఆయనా నవ్వేవాడు.

కథ పెద్దదేం కాదు. ఆస్తిపరుల కొడుకు, బన్నులు కాల్చి అమ్ముకునే పిల్ల. తొమ్మిది ఎపిసోడ్లు కొట్లాడుకుంటారు. పదోదానిలో చెయ్యి పట్టుకుంటారు. పన్నెండులో విడిపోతారు, పదహారులో పెళ్లి. మాటలు కొరియా భాషలో, కింద అక్షరాలు ఇంగ్లీషులో. ఆంటీకి రెండూ రావు. అందుకని టీవీ గొంతు నొక్కేసి, అందరి మాటలూ ఆమే చెప్పేది. హీరోకు రాజశేఖర్ అని పేరు పెట్టింది, హీరోయిన్‌కు ఏంజెలిన్ అని. ఆ పిల్ల నూడుల్స్ గిన్నె మీద ఆవిరికి కళ్లు మూసుకుంటే, "సూడుండ్రి, తినే ముందు ప్రార్థన చేస్తుంది. మన చర్చి సంఘం పిల్లనే," అని తేల్చేసింది. హీరో తల్లి తెర మీదికి రాగానే ఆంటీ గొంతు బొంగురుపోయేది.

"ఏమే పిల్లా, మా పొలగానికి ఏం మందు పెట్టినవే?"

వెంటనే మగగొంతు. "అమ్మా, నువ్వు జెర సప్పుడు సెయ్యకు. నా పెండ్లి నా ఇష్టం."

దీనికంతటికీ ఎదురు తిరిగింది తనుశ్రీ ఒక్కతే. ఆ ఇంట్లో కిరాయికుండే మా పదకొండు మంది ఆడపిల్లల్లో డిగ్రీ పాసైంది ఆమె. గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో, పౌడర్ ఆరబెట్టే గదిలో కాంట్రాక్టు పని చేసేది. ఏంజెలిన్ కోసం వచ్చే ఇంకో మగమనిషిని ఆంటీ ఆమెకు అన్నను చేసేస్తే, ఒకరోజు ఉండబట్టలేక నోరు తెరిచింది.

"ఆంటీ, ఆయన ఏంజెలిన్‌కు అన్న కాదు. పాత లవర్. కింద రాసిండ్రు."

"వాళ్లు రాసింది నువ్వు సదువుతున్నవ్. నేను మొఖం సూస్తున్న. గా మొఖం అన్న మొఖమే."

అంతే. పదమూడో ఎపిసోడ్‌లో అతను మోకాళ్ల మీద కూర్చుని ఉంగరం తీసినా, "సూసిండ్రా, సెల్లె పెండ్లికి బంగారం తెచ్చిండు," అని ఆంటీ కళ్లు తుడుచుకుంది. మేం చున్నీలు నోట్లో కుక్కుకున్నాం.

ఇవన్నీ భరించవచ్చు. భరించలేనిది ఒక్కటే. పదకొండు మందీ వచ్చి కూర్చుంటే తప్ప ఆమె సీరియల్ మొదలుపెట్టేది కాదు. సాయంత్రమయ్యేసరికి ఆ వాడంతా ఫ్యాక్టరీలు వదిలే కుళ్లిన గుడ్ల వాసన కమ్ముకుంటుంది. నాలాలో నీళ్లు ఒకరోజు నలుపు, ఒకరోజు ఎరుపు. పొద్దంతా నిలబడి నిలబడి కాళ్లు పీకుతుంటాయి, కళ్లు మండుతుంటాయి, అన్నం మీద మనసు పోదు. ఎప్పుడు పడుకుందామా అని ఉంటే, ఈమె రిమోట్ పట్టుకుని గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటుంది. షేర్ ఆటో దొరక్క తనుశ్రీ రోజూ పది నిమిషాలు ఆలస్యం. రాగానే చివాట్లు.

"నీ కోసం రాజశేఖర్ గీడ ఎండుతున్నడు!"

"ఎండనియ్యి ఆంటీ. పద్దెనిమిదేండ్ల సంది ఎండుతనే ఉన్నడు గదా."

అయినా ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆ సీరియల్ మాకు ఎప్పుడూ పాతబడలేదు. అందులో హీరో రోజూ ఆ పిల్లను ఇంటిదాకా దిగబెడతాడు. ఆమె మెట్లెక్కి పోయాక కూడా కిందే నిలబడతాడు. పైన కిటికీలో లైటు వెలిగాకే కదులుతాడు. ఆ ఒక్క సీనుకు ఆంటీ మాటలు పెట్టేది కాదు. మేమూ నవ్వేవాళ్లం కాదు. మా గల్లీలో ఎవరి గదిలో లైటు వెలిగిందో, ఎవరిది వెలగలేదో చూసే దిక్కు ఎవరికుంది?

నేను చేరిన మూడో ఏడు, శ్రావణమాసంలో ఒక మంగళవారం. పన్నెండో ఎపిసోడ్ చూడాల్సిన రోజు. పొద్దుటినుంచీ ముసురు. అయిదు దాటాక గడ్డపోతారం వైపు ఢామ్మని మోత వినిపించింది. అట్లాంటి మోతలు మాకు కొత్త కాదు. కాసేపటికి పొగ కనిపించింది. తనుశ్రీ ఫ్యాక్టరీలోనే ఏదో పేలిందని, అందరూ క్షేమంగా బయటికొచ్చారని వాట్సాప్‌లో కబురు తిరిగింది. హమ్మయ్య అనుకున్నాం.

ఏడయింది. చాప మీద పదిమందిమి. ఏడుంబావు అయింది. ఆంటీ రిమోట్ కింద పెట్టి చెప్పులేసుకుంది.

"ఎక్కడికాంటీ?"

"తనుశ్రీ రాలే."

"అందరు బయటికొచ్చిండ్రట గదా. దోస్తుల దగ్గరికి పోయిందేమో."

"అది తిట్టుకుంటనైనా సీరియల్‌కొస్తది. నడువు."

ఫ్యాక్టరీ గేటు దగ్గర జనం, ఫైరింజను, వాన. సెక్యూరిటీ ఆఫీసర్ మురళీమోహన్ గొడుగు కింద నిలబడి వచ్చినవాళ్లందరికీ ఒకే మాట చెబుతున్నాడు.

"లోపల ఎవ్వరు లేరమ్మా. రిజిస్టర్ల అందరు ఔట్ అయిండ్రు."

"తనుశ్రీ పేరుందా మీ రిజిస్టర్ల?"

ఆయన పేజీలు తిప్పాడు. లేదు. ఉండదు కూడా. కాంట్రాక్టు వాళ్లను చిన్న గేటు నుంచి చీటీ మీద పంపుతారు. ఆ చీటీ మేస్త్రీ జేబులో ఉంటుంది. మేస్త్రీ మోత వినగానే పారిపోయాడు.

"పేరే లేదంటే రాలేదన్నట్టే గదమ్మా. మీకెట్ల తెలుసు లోపలున్నదని?"

"మా సీరియల్‌కు రాలే సార్."

"ఏందీ?"

"కొరియా సీరియల్. పదకొండు మంది రావాలె. పది మందే వచ్చిండ్రు. ఇయ్యాల పన్నెండో ఎపిసోడ్."

చుట్టూ ఉన్నవాళ్లు అంత కంగారులోనూ పక్కున నవ్వారు. నాకు భూమిలోకి కూరుకుపోదామనిపించింది. ఆంటీ ఎవరి వంకా చూడలేదు.

"మహితా, దాని ఫోన్‌కు కొట్టు."

"ఇరవై సార్లు కొట్టిన ఆంటీ. ఎత్తుతలేదు."

"మళ్ల కొట్టు. అందరు జెర గమ్మునుండ్రి!"

కొట్టాను. లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు. ఏ గేటు వాళ్లైనా ఇక్కడి పెట్టెలోనే పెట్టి, డ్యూటీ దిగాక తీసుకుపోవాలి. సెక్యూరిటీ గది మూలన ఉన్న ఆ చెక్కపెట్టెలోంచి తనుశ్రీ ఫోన్ సన్నగా మోగసాగింది. మురళీమోహన్ చేతిలోని రిజిస్టర్ మూసేశాడు.

"ఫోన్ ఇడిసిపెట్టి ఏ ఆడపిల్లన్న ఇంటికి పోతదా సార్?" అంది ఆంటీ.

ఫైరింజను వాళ్లు అప్పుడు పరుగెత్తారు. డ్రయ్యర్ వెనక బట్టలు మార్చుకునే గది ఉంది. పేలుడుకు దాని తలుపు చట్రం వంగి బిగుసుకుపోయిందట. పొగకు స్పృహ తప్పి గడప దగ్గరే పడివుంది తనుశ్రీ. ఊపిరి ఆడుతోంది. ఇంకో అరగంట ఆగితే ఆడేది కాదని తరవాత డాక్టర్ చెప్పాడు.

ఆస్పత్రి వరండాలో ఆంటీ గోడకు ఒరిగి కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. బర్నబా అంకుల్ నన్ను పక్కకు పిలిచి గుసగుసగా ఒక మాట చెప్పాడు. గుసగుస అని ఆయన అనుకున్నాడు. వార్డంతా వినబడింది.

"ఏడేండ్ల కింద మూల గదిల అరుణ అని ఒక పిల్ల ఉండె. డ్యూటీ నుంచి వచ్చి పండుకున్నది, లేవలే. తలుపు పెట్టి ఉంటే ఊరికి పోయిందనుకున్నం. రెండో దినం పలగ్గొట్టినం. అప్పటి సంది మీ ఆంటీ రోజు హాజరు తీస్తనన్నది. పిల్లలు ఇదేమన్న జైలా అని కొట్లాడి ముగ్గురు ఎల్లిపోయిండ్రు. అగో, అప్పుడు పెట్టింది గీ కొరియాది!"

ఆంటీ కళ్లు తెరవకుండానే అంది. "నీ నోరు పాడుగాను. దావఖాన్ల మెల్లగ మాట్లాడు."

అరుణ కోసం నాకు ఏడుపొచ్చింది. మూడేళ్లుగా మూల గదిలో ఉంటున్నది నేనే.

తనుశ్రీ నాలుగో రోజున ఇంటికొచ్చింది. అప్పటిదాకా టీవీ వెలగలేదు. ఆ సాయంత్రం ఎవరూ పిలవకుండానే, ఏడుకు ముందే పదకొండు మందిమి చాప మీద కూర్చున్నాం. తనుశ్రీని గోడవార దిండు పెట్టి కూర్చోబెట్టారు. సీరియల్ ఎందుకో మాకు తెలిసిపోయిందని ఆంటీకి తెలుసు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. తనుశ్రీకి మాత్రం నోరు ఊరుకోదు కదా.

"ఆంటీ, నీకు మేమందరం వచ్చినమా లేదా తెలిస్తే సాలు గదా?" అంది దగ్గుతూ. "దానికి గింత తతంగమెందుకు? ఇప్పుడు హాజరు తియ్యి. ఒక్కళ్లం గూడ కొట్లాడం. ఒట్టు."

మేమందరం తలలూపాం. ఏమంటుందోనని ఆమె ముఖంలోకి చూశాం.

ఆంటీ తనుశ్రీ కాళ్ల మీద దుప్పటి సర్ది, టీవీ గొంతు నొక్కి, పన్నెండో ఎపిసోడ్ పెట్టింది.

"హాజరుకు రెండు నిమిషాలు సాలు బిడ్డా. మిగిలిన గంట నాది. ఇగ నోరు మూసుకొని సూడు."