గుత్త మారిన ఏడు

రుక్కమ్మ మొగుడి టెండరు గుట్టును కోదాడ శంకరయ్యకు అమ్ముకుని వెండి కడియాలు చేయించుకుందని సూర్యాపేటలో చాలా రోజులు చెప్పుకున్నారు. చింతపండు గింజలు తీసే ఆడవాళ్లకు ఆ ముచ్చటతోనే పూట గడిచిపోయేది.

"కడియాలు ఏడ దాసిందో, కాళ్లకైతే కనపడయి."

"పెట్టుకుంటే రామనర్సయ్య కాళ్లు ఇరగ్గొట్టడా? ఏ బియ్యం గుమ్మిలనో ఏసి ఉంటది."

"దురాజ్‌పల్లి జాతరల నేనే సూసిన. శంకరయ్యతోని మాట్లాడింది, కొంగుల ఏందో ముడేసుకుంది."

రుక్కమ్మ కొంగున ముడి వేసుకున్న మాట నిజమే.

ఆమె మొగుడు రామనర్సయ్య సూర్యాపేట ఆడపిల్లల బడికి గుత్తేదారు. పల్లెల నుంచి వచ్చి బోర్డింగులో ఉండే పిల్లలకు రెండు పూటలా వండిపెట్టాలి, బడి ఊడ్చి శుభ్రంగా ఉంచాలి. రెండూ కలిపి ఒకటే గుత్త. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బళ్లు మూడూ ఒకే కమిటీవి. ఏటా ఎండాకాలం మిర్యాలగూడలో హర్రాజు పెట్టేవారు. పిల్లకు నెలకు ఇంత అని ఎవరు అందరికంటే తక్కువకు పాడితే వాళ్లదే గుత్త.

హర్రాజులో రామనర్సయ్యను ఓడించినవాడు లేడు. ఎవరెంత పాడినా మీసం దువ్వుకుని ఇంకాస్త దిగేవాడు. చుట్టూ ఉన్నవాళ్లు శభాష్ అంటే ఛాతీ పొంగించుకుని ఇంటికి వచ్చేవాడు. అక్కడ అతను దిగిన దిగుడంతా ఇక్కడ రుక్కమ్మ నెత్తిన పడేది. ఒక ఏడు వంటకు సాయముండే మనిషిని తీసేశాడు. మరుసటి ఏడు ఊడ్చే బక్కమ్మను మానిపించాడు.

"మరి బడి ఎవరు ఊడుస్తరు?" అని అడిగింది రుక్కమ్మ.

"సరోజ లేదా?"

"పిల్ల సదువుకుంటున్నది గద!"

"సదువుకు దూరమేడైతదే? దినమంతా బడిలనే ఉంటది గద," అని నవ్వాడు రామనర్సయ్య.

అప్పటికి సరోజ నాలుగో తరగతి. ముందు వరుసలో కూర్చునేది. పొద్దున పలక పట్టుకుని పోయే పిల్ల, ఆ మర్నాటి నుంచి చీపురు పట్టుకుని పోయింది. మొదటి రోజు నాలుగో తరగతి ఎస్తేరు పంతులమ్మ ఆమె చేతిలో చీపురు చూసి, ముందు వరుసలో ఖాళీ అయిన చోటు వైపు చూసింది. తర్వాత తర్వాత ఆమెకూ అలవాటైంది. "సరోజా, నీళ్లు జల్లి ఊడువు బిడ్డా, దుమ్ము లేస్తున్నది" అనేది. నాలుగో తరగతి కిటికీ ముందు వరండా ఊడ్చేటప్పుడు సరోజ చేయి నెమ్మదించేది. ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చేది. లోపల పిల్లలు పద్యం అప్పజెబుతుంటే ఆమె పెదవులు కదిలేవి. వంట కొట్టం గడపలో నిలబడి రుక్కమ్మ ఇదంతా చూసేది. పొయ్యి మీద అన్నం అడుగంటిన రోజులు కూడా ఉన్నాయి.

మొగుడు ఒక్క ఏడు ఓడిపోతే చాలు, పిల్ల మళ్లీ పలక పడుతుంది. ఆమె అంతకంటే ఎక్కువ ఏమీ కోరుకోలేదు. కానీ రామనర్సయ్య ఓడేవాడు కాడు.

యూనియన్ సైన్యం వచ్చిన మరుసటి ఏడు కమిటీవాళ్లు పద్ధతి మార్చారు. ఇక హర్రాజు లేదు. ఎవరి ధర వాళ్లు రాసి, కవరుకు లక్కముద్ర వేసి ఇవ్వాలి. ఎదుటివాడి మాట విని దిగే వీలు లేదు. రామనర్సయ్యకు నిద్ర కరువైంది. తినేటప్పుడు కూడా అదే లెక్క.

"వారంల రెండొద్దులు పప్పు బంద్ చేస్తే ఎట్లుంటదే? మజ్జిగ కూడ తీసేద్దాం. పచ్చిపులుసు పోస్తే సాలు."

"పిల్లలు ఏం తిని బతుకుతరు?"

"ఇంట్ల ఏం తిన్నరో గదే తింటరు."

ఆ మాఘమాసంలో దురాజ్‌పల్లి లింగమయ్య జాతర వచ్చింది. జనం నడుమ శంకరయ్య కనిపించాడు. కోదాడ బడి గుత్త ఆయనదే, సూర్యాపేట మీద కూడా ఆయనకు కన్నుంది. రుక్కమ్మ అటూ ఇటూ చూసి దగ్గరకు వెళ్లింది.

"అన్నా, మా ఆయన ఏం ధర రాస్తడో నాకు తెల్వది. వారంల రెండొద్దులు పప్పు లేదు, మజ్జిగ అసలే లేదు. గట్ల రాస్తుండు."

శంకరయ్య వ్యాపారి. ఆ రెండు ముక్కలతోనే లోలోపల లెక్క కట్టుకున్నాడు. "నీకేం కావాలి చెల్లెమ్మా?" అన్నాడు.

"నాకేం వద్దు. వండేటోళ్లను, ఊడ్చేటోళ్లను నువ్వే తెచ్చుకో. నా బిడ్డను ఇడిసిపెట్టు."

"ఓస్, అంతేనా! కోదాడ నుంచి నా మనుషులే వస్తారు. లింగమయ్య సాక్షి."

ఆమె పక్క దుకాణంలో బలపాలు కొని కొంగున ముడి వేసుకుంది.

ఎండాకాలం మిర్యాలగూడలో కవర్లు విప్పారు. సూర్యాపేట గుత్త శంకరయ్యకు పోయింది. రామనర్సయ్య ఇంటికి వచ్చి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. రుక్కమ్మకు భయమూ వేసింది, సంతోషమూ కలిగింది. పాత పలక మళ్లీ నల్లబడాలని దొండాకు పసరు, బొగ్గు కలిపి రాసి ఎండలో పెట్టింది. బడి తెరిచే రోజు పొద్దున్నే సరోజకు నూనె రాసి రెండు జడలు వేసింది. పిల్ల పలక గుండెకు హత్తుకుని గడప దాటబోతుంటే వాకిట్లో ఎడ్లబండి ఆగింది. శంకరయ్య ఒక్కడే దిగాడు.

"రామనర్సయ్యా, కోపం పెట్టుకోకు. నిన్ను కొట్టాలని మరీ తక్కువ రాసేశాను. ఆ డబ్బులకు కోదాడ నుంచి మనుషుల్ని తెస్తే నేను మునిగిపోతాను. చెల్లెమ్మ చేతి వంట పిల్లలకు అలవాటే. ఈమె వండుతుంది, పిల్ల ఊడుస్తుంది. కూలి నీ చేతికే ఇస్తాను."

రామనర్సయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. రోషం చూపిస్తాడని రుక్కమ్మ ఎదురుచూసింది. అతను తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "కాలీగ కూసోని ఏం జేస్తం? గట్లనే కానియ్యి," అన్నాడు.

"ఏమంటావు చెల్లెమ్మా?" అన్నాడు శంకరయ్య, ఆమె ముఖం చూడకుండా.

మాట ఇచ్చి తప్పావని అనాలి. అంటే, ఎప్పుడిచ్చాడు, ఎందుకిచ్చాడు అని మొగుడు అడుగుతాడు. రుక్కమ్మ తలుపు రెక్క పట్టుకుని నిలబడింది. శంకరయ్య అడిగాడు కాబట్టి ఏదో ఒకటి చెప్పాలి.

"మంచిది అన్నా," అంది.

సరోజ తల్లివైపు చూసింది. పలక గూట్లో పెట్టి, మూలనున్న చీపురు తీసుకుంది.

కడియాల మాట ఆ తర్వాత కూడా ఊళ్లో పోలేదు. ఎంత బరువు, ఎవరు చేశారు అన్నదాకా వచ్చింది. శంకరయ్య గుత్త పట్టిన ఆ ఏడు కూడా బడి ఊడ్చింది సరోజే.