బస్సులో పడిన ఆట

ద్రాక్షారామంలో దేవుణ్ణి చూశాను గానీ, ఆ ప్రయాణంలో నాకు గుర్తుండిపోయింది మంగ. కాకినాడ బస్సులో నా పక్కన కూర్చుంది, చేపలమ్ముకునే మనిషి. గవర్నమెంటు డబ్బుతో వాళ్ల రేవులో సినిమా తీస్తే, అందులో వేషం వేసిందట.

"ఎలా ఉందమ్మా సినిమా?" అన్నాను.

"చూస్తే కదండీ! ఆటకి నలుగురమే వెళ్లాం. నలుగురి కోసం వెయ్యం అని, పక్క హాల్లో కిటకిటలాడుతున్న కొరియా సినిమాకి పంపేశారు."

"ఆ మాటలు నీకేం అర్థమయ్యాయి?"

"మాటలెందుకండీ? అత్త కోడలి వంక చూసే చూపు చాలదా? ఏడ్చేశాను."

నాకు కోపమొచ్చింది. తన సినిమా తను చూసుకోకపోవడమేంటి? "ఆ వేషమేదో ఇక్కడ వెయ్యి, నేను చూస్తా."

బుట్ట నా ఒళ్లో పెట్టి లేచింది. వేటకెళ్లి తిరిగిరాని మొగుణ్ణి పిలిచే ఘట్టం. బస్సు స్టాపులో ఆగినా, ఆ పిలుపు అయ్యేదాకా దిగాల్సినవాళ్లు ఒక్కరూ లేవలేదు.