అక్క టీకాకి తోడు వెళ్ళిన రోజు

నా చిన్నప్పుడు, రావులపాలెంలో మా పక్కింటి అక్కకి ఆఫ్రికాలో లెక్కల టీచరు ఉద్యోగం వచ్చింది. అరటి గెలల వ్యాపారం చేసే వాళ్ళ నాన్నగారు ఆమెతో మాట్లాడటం మానేశారు. పెళ్ళికాని పిల్ల అంత దూరం వెళ్ళడమేమిటని వీధంతా ఆయన పక్షమే. ఆ సూది వేయించుకుంటే ఇక పిల్లలు పుట్టరని మా నాయనమ్మ తేల్చేసింది.

సూదంటే ఎల్లో ఫీవర్ అనే దోమకాటు జ్వరానికి టీకా. వేయించుకున్నట్టు కార్డు లేకపోతే ఆ దేశం లోపలికి రానివ్వదు. వేయించుకున్న పది రోజులకు గాని కార్డు చెల్లదు. అక్క ప్రయాణం పదకొండు రోజుల్లో పడింది. సూది లేకుండానే ముద్ర వేయించి పెడతానని ఒక ఏజెంటు వచ్చాడు. "దోమ కార్డు చూసి కుడుతుందాండీ?" అని అక్క అతన్ని పంపేసింది.

టీకాకి ఒంటరిగా పంపడానికి వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. పెద్దవాళ్ళెవరూ వెంట రామన్నారు. అలా తొమ్మిదేళ్ళ నేను తోడు వెళ్ళాను. రాజమండ్రిలో రైలెక్కి, ఓడరేవు ఉన్న ఊళ్ళో టీకాల ఆఫీసుకి చేరేసరికి పదకొండయింది.

గుమాస్తా కాగితాలు తిరగేసి, "నాన్నగారి సంతకం లేదేంటమ్మా? మగవాళ్ళనెవరినైనా తీసుకుని వచ్చే వారం రండి" అన్నారు.

"చెయ్యి నాదండి. సూది నాకండి. సంతకం నేను పెడతాను."

"రూలమ్మా."

"ఎక్కడ రాసుందో చూపించండి. చదువుకుని వెళ్ళిపోతాను."

ఆయన చూపించలేదు. అక్క వెళ్ళలేదు. ఆయన బల్లకి ఎదురుగా బెంచీ మీద కూర్చుంది. ఓడల్లో పనిచేసేవాళ్ళు వరసగా లోపలికి వెళ్ళి, చొక్కా చేతులు దించుకుంటూ బయటికి వస్తున్నారు. నాకు ఆకలేసింది గాని అడగబుద్ధి కాలేదు. అక్క చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది, సన్నగా వణుకుతోంది. ముఖం చూస్తే మాత్రం ఆ సంగతి ఎవరికీ తెలియదు.

మధ్యాహ్నం దాటాక నర్సమ్మ తొంగి చూసి, "అందరూ అయిపోయారాండీ? తెరిచిన సీసాలో ఇంకొకరికి మందుంది. ఎవరూ లేకపోతే పారబోయాలి" అంది.

గుమాస్తా నోరు విప్పేలోపే అక్క లేచింది. "నేనున్నానండి" అంటూ ఆయన బల్ల మీది కలమే తీసుకుని సంతకం పెట్టి, లోపలికి నడిచింది. తరవాత ఆయన కార్డు మీద ముద్ర గట్టిగా కొట్టి ఇచ్చారు.

పదకొండో రోజున అక్క వెళ్ళిపోయింది. వాళ్ళ నాన్నగారు బస్టాండుకి రాలేదు. అక్కడే ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పింది, పెళ్ళి చేసుకుని ఇద్దరు పిల్లల్ని కన్నది. ఆ కబురు విని మా నాయనమ్మ మాట మార్చేసింది.

నాకిప్పుడు అరవై దాటింది. మొన్న కంటి ఆపరేషనుకి వెళితే, నేను ఎదురుగా ఉండగానే ఫారం మా అబ్బాయి చేతికిచ్చారు. అడిగి తీసుకుని నేనే సంతకం పెట్టాను. చెయ్యి వణికింది. వణకనీ. భయం పోయాక లేద్దామనుకుని ఉంటే, ఆ రోజు అక్క ఆ బెంచీ మీది నుంచి లేచేదే కాదు.