ఎల్లి నీనో

“బుడ్డలు మళ్లీ ఇత్తేదా, వద్దా? సెప్పి పో మామా.”

“సేను సూసొచ్చి సెప్తాలే. అంతవరకు మూట ఇప్పొద్దు.”

నా పెనిమిటీ నేనూ చివరిసారి మాట్లాడుకున్నది ఇంతే. ముందు ఇదే రాయమన్నాను. నాకు అక్షరం సరిగా రాదు. నేను చెబుతుంటే మా అన్న కూతురు రాస్తోంది.

ఆ ఏడు తొలివానకు వేసిన బుడ్డలు, అదే వేరుశనగ, మొలిచి మాడిపోయాయి. మిగిలిన గింజలు మూటలో ఉన్నాయి. చేను చూడటానికి పోయిన మనిషిని పక్క చేనువాళ్లు గట్టు మీంచి మోసుకొచ్చారు. ఎండదెబ్బకే ప్రాణం పోయిందన్నారు ఆదోని ఆసుపత్రిలో. వానాకాలంలో ఎండదెబ్బ!

అంతకుముందు ఒకరోజు ఆయన ఫోన్‌లో వార్తలు వింటుంటే ‘ఎల్ నినో’ అని వినపడింది. నా పుట్టిల్లు హొళగుంద, ఇంట్లో కన్నడమే. నాకది ‘ఎల్లి నీనో’ అన్నట్టుంది, ఎక్కడున్నావురా నువ్వు అని. ఎవరిని వెతుకుతున్నారని అడిగాను.

“వాననేలే,” అన్నాడు, నవ్వీ నవ్వక.

ఎక్కడో దూరపు సముద్రం కొన్నేళ్లు వేడెక్కుతుందట, కొన్నేళ్లు చల్లబడుతుందట. వేడెక్కితే గాలి దారి మారి మనకు వాన తగ్గుతుందట, అదీ అన్ని చోట్లా కాదట. వ్యవసాయం ఆఫీసరు చెప్పాడు. మా చేనుకు వస్తుందా రాదా అంటే, చెప్పలేనమ్మా అన్నాడు. ఎవరూ చేసింది కాదట, దాని గుణమే అంతట. మనిషి చేసుంటే వాళ్ల వాకిట్లో నిలబడి దుమ్మెత్తి పోసేదాన్ని. సముద్రాన్ని నేను చూడనే లేదు. నాకు తెలిసిన పెద్ద నీళ్లు మంత్రాలయం దగ్గరి తుంగభద్రే, వేసవిలో అదీ రాళ్లు తేలి ఉంటుంది.

ఈ ఏడు ఫోన్‌లో మళ్లీ అదే మాట. నిన్న తొలివాన పడింది. ఎమ్మిగనూరులో తెచ్చిన విత్తనం ఆయన తువ్వాలలోనే కట్టిపెట్టాను. వేశాక మాడితే ఇల్లు మూసి సుగ్గికి పోవాలి, గుంటూరు దిక్కు మిరపకాయలు కోసే కూలికి. ఈ మోకాళ్లతో నన్నెవరు పిలుచుకుంటారు? వేయకుండా ఉండి వాన వస్తేనో? అందరి చేలూ పచ్చగా, నాది బోడిగా. అప్పుడూ తిండికి సుగ్గే గతి.

పొద్దున మూట ముడి మీద చెయ్యి పెట్టాను. ఎల్లి నీనో అని నోట్లోంచి వచ్చింది. వానను అడిగానో, ఆయననే అడిగానో.

చూసొచ్చి చెప్తానన్నాడు కదా.

పాపా, మొదట రాసింది ఒక్కసారి సదువు. మూట ఇప్పొద్దు అన్నాడా, అంతవరకు ఇప్పొద్దు అన్నాడా? తొందరగా సదువు తల్లీ, నేల ఆరిపోతాంది.