కొనకక్క

పెయ్‌చెన్ అక్క ఎదుట ఎవరైనా పర్సు తెరిస్తే చాలు, ఆమెకు గుండె దడ పుట్టేది. పర్సు ఆమెది కానక్కర్లేదు. ముక్కూమొహం తెలియనివాడు తన డబ్బుతో తను గొడుగు కొనుక్కుంటున్నా సరే, పరిగెత్తుకెళ్ళి చెయ్యి పట్టుకుని "ఆగు! కొనకు!" అనేది. ఏడాదిపాటు ఏదో ఒక పని చేసుకుంటూ ఊళ్ళు చూసిపోదామని మెల్‌బోర్న్‌లో దిగే మా బోటి వాళ్ళలో, తైవాన్ వాళ్ళేమిటి, కొరియా వాళ్ళేమిటి, అర్జెంటీనా వాళ్ళేమిటి, ఆ మాట వినకుండా మొదటి వారం గడిపినవాళ్ళు లేరు. అసలు పేరు వదిలేసి అందరూ ఆమెను కొనకక్క అనేవారు.

నేను ఆమెకు దొరికింది దిండు దగ్గర. విమానం దిగిన రోజే ఓ పెద్ద దుకాణంలో దిండు చంకలో పెట్టుకుని డబ్బు కట్టే వరసలో నిలబడ్డాను. వెనకనుంచి మా తైవాన్ మాటలోనే కేక వినిపించింది.

"ఆగు చెల్లీ! కొనకు!"

ఉలిక్కిపడి తిరిగి చూస్తే, మోకాళ్ళు దాటిన రెయిన్‌కోటులో ఓ పొట్టి మనిషి.

"ఎందుకండీ? దీంట్లో ఏమైనా ఉందా?"

"ధర ఉంది. చాలదా? ఏ ఊరు మీది?"

"టైనాన్."

"టైనాన్ పిల్లవయ్యుండి దిండుకి డబ్బు తగలేస్తావా? మీ అమ్మకి తెలిస్తే ఏమనుకుంటుంది? పద."

దిండును తనే తీసుకెళ్ళి అరలో పెట్టేసింది. ఆ సాయంత్రానికి నాకు దిండూ, దుప్పటీ, పెనమూ, ఆమె ఉండే ఇంట్లోనే ఓ గదీ ఏర్పాటయ్యాయి. అయితే ఆ ఇంటికి చేరడం మాత్రం అంత సులువు కాలేదు. ఊరి నడిబొడ్డున ట్రాం ఎక్కితే టికెట్ అక్కర్లేదు, ఒక హద్దు దాటితే కావాలి. అక్క తలుపు దగ్గరే కాపలా కాసి, హద్దుకు ముందు స్టాపులో "దిగు, దిగు!" అని నన్నూ నా పెట్టెనూ వానలోకి తోసేసింది. మిగతా దూరమంతా నడకే.

"నడిస్తేనే ఊరు తెలుస్తుంది," అంది.

"అక్కా, పెట్టె చక్రం ఊడిపోయింది."

"పారెయ్యకు. పనికొస్తుంది."

నా గదిలో చక్కటి ఇనుప మంచం ఉంది. ఎవరిదని అడిగితే, "ఎవరో వదిలేసి పోయారు. నాకు అడ్డంగా ఉంది, నువ్వు పడుకుంటే పుణ్యం," అంది. తను మాత్రం నేల మీద చాప వేసుకుని పడుకునేది. నేల మీద పడుకుంటే నడుముకు ఎంత మంచిదో నాకు పొద్దున్నే ఉపన్యాసం ఇచ్చేది, అదీ నడుం పట్టుకుని.

శనివారం సంత మూసే వేళకు అక్క రంగంలోకి దిగేది. కూరగాయలవాళ్ళు మిగిలిన సరుకును వదిలించుకోవాలని చూసే సమయం అది. ఓసారి ఒకతను గుమ్మడికాయల పెట్టె చూపించి రేటు చెప్పాడు. అక్క మాట్లాడకుండా నిలబడింది. అతను తగ్గించాడు. అక్క ఆకాశం వైపు చూసింది. అతను ఇంకా తగ్గించి, చివరికి "తీసుకుపోవమ్మా, తల్లీ, నేను ఇంటికెళ్ళాలి," అని పెట్టె చేతిలో పెట్టాడు. ఆ వారమంతా పొద్దున గుమ్మడికాయ గంజి, మధ్యాహ్నం గుమ్మడికాయ నూడుల్స్, రాత్రి గుమ్మడికాయ ఆలోచనలు. మా ఇంట్లోనే ఉండే కొరియా అబ్బాయి జేహ్యోక్ కంచం ముందు దణ్ణం పెట్టాడు.

"అక్కా, నా చెమట కూడా గుమ్మడికాయ వాసనొస్తోంది."

"చూశావా? సెంటు ఖర్చు కూడా తప్పింది."

ఈ జ్ఞానమంతా అక్క తన దగ్గరే దాచుకోలేదు. కొత్తగా దిగినవాళ్ళందరినీ చేర్చి ఫోన్‌లో ఓ గ్రూపు నడిపేది. ఏ గ్రంథాలయంలో వెచ్చగా ఉంటుందో, ఏ గుళ్ళో అడక్కుండా అన్నం పెడతారో, మా వీధి చివర గ్రీకు బేకరీలో మూసేవేళకి ఏది సగం ధరకు వస్తుందో అన్నీ అందులో ఉండేవి. అన్నిటికన్నా పెద్ద సూత్రం ఒకటి: గడ్డి మీద పెట్టింది ఎవరిదీ కాదు, మనది.

ఆ ఊళ్ళో పాత సామాన్లను ఇంటి ముందు, రోడ్డు పక్కనున్న గడ్డి మీద పెట్టేస్తారు. మునిసిపాలిటీ బండి వచ్చి ఎత్తుకెళ్ళేందుకు ఒక వారం కేటాయిస్తుంది. బండి వచ్చేలోగా కావలసినవాళ్ళు తీసుకోవచ్చు. ఆ వారం వచ్చిందంటే అక్కకు నిద్ర పట్టేది కాదు. కుర్చీలూ బల్లలూ పరుపులూ మోసుకొచ్చి మా నడవా నింపేసేది. మేం ఆ కుర్చీలమీంచి దూకుతూ స్నానాల గదికి వెళ్ళేవాళ్ళం. కొన్నాళ్ళకు అవి మాయమయ్యేవి, మళ్ళీ కొత్తవి చేరేవి.

"ఎంతకమ్మావక్కా?" అని జేహ్యోక్ అడిగితే, "వ్యాపార రహస్యం," అనేది. తైవాన్ తిరిగి వెళ్ళేసరికి మా అక్క ఇల్లే కట్టేస్తుందని మేమిద్దరం ఖాయం చేసుకున్నాం.

మా ఇంటావిడ వసిలికీ గారు ఎప్పుడో ఓడ మీద వచ్చి స్థిరపడిన గ్రీకు ముసలావిడ. కొన్ని నెలలకొకసారి ఇల్లు చూడ్డానికి వచ్చేది. ఓసారి ఆ నడవా చూసి మండిపడింది.

"ఇది ఇల్లా, పాత సామాన్ల కొట్టా? వచ్చేసారికి ఇది ఖాళీగా లేకపోతే, ఇల్లు మీరు ఖాళీ చేస్తారు!" వెళ్తూ వెళ్తూ ముందుగదిలోని పచ్చ సోఫాను నిమిరింది. "మా ఆయన స్పిరో దొరసాని సోఫా అని ఏరి కోరి కొన్నాడు. దీనికి చిన్న గీత పడినా ఊరుకోను."

అంత తక్కువ అద్దెకు ఆ ఊళ్ళో కుక్కల గూడు కూడా దొరకదు. కాబట్టి ఆవిడ మళ్ళీ వచ్చే రోజు నడవా అద్దంలా ఉంది. అక్క ఎలా ఖాళీ చేసిందో మేం అడగలేదు. పొద్దున్నే అక్క సంతకు వెళ్ళగానే నేనూ జేహ్యోక్ ముందుగది కడుగుదామని పూనుకున్నాం. నేల తడిసేలోగా సోఫాను కాస్త బయట పెడదామనుకున్నాం. వరండాలో పట్టలేదు. గడ్డి మీద పెట్టాం.

ఆ వారం ఏ వారమో మాకు గుర్తు రాలేదు.

తుడిచి వచ్చి చూస్తే గడ్డి మీద సోఫా కాళ్ళ గుర్తులు నాలుగే మిగిలాయి. జేహ్యోక్ గడ్డిలో కూర్చుని తల పట్టుకున్నాడు. అక్క ముల్లంగి కట్టతో వచ్చింది, చూసింది, ముల్లంగిని జారవిడిచింది.

"గడ్డి మీద పెట్టారా? ఈ వారంలోనా? నా ఇంట్లో ఉండేవాళ్ళా?"

"నేల ఆరేదాకా అని..."

"ఎవరో గానీ ఇంత త్వరగా ఎత్తుకుపోయారు." అంత కంగారులోనూ ఆమె గొంతులో గర్వం వినిపించింది. "నా దగ్గర నేర్చుకున్నవాళ్ళే అయ్యుంటారు."

గ్రూపులో రాసింది: 'పచ్చ సోఫా. మా ఇంటి ముందుది. చెత్త కాదు. మధ్యాహ్నంలోగా రాకపోతే మేం వీధిన పడతాం.'

మొదట జపాన్ అమ్మాయి మిసుజు ఓ పచ్చ కుర్చీని నెత్తిన పెట్టుకుని వచ్చింది. "అక్కా, నువ్విచ్చిందే. సరిపోతుందా?" వెనకే ఐర్లాండ్ డారా, నీలం సోఫా మీద పచ్చ దుప్పటి కప్పి తోసుకొచ్చాడు. "ముసలావిడకి కళ్ళజోడుందా?" అని గుసగుసలాడాడు. తర్వాత ఒకరు బల్ల తెచ్చారు, ఒకరు పరుపు తెచ్చారు. ఇవేమీ పచ్చగా లేవు. అక్కకు కష్టమొచ్చిందని విని, అక్క ఇచ్చినవి అక్కకే తెచ్చేశారు. ప్రతిదీ మా నడవాలోంచి మాయమైనదే. ఒక్కదానికీ ఎవరూ పైసా కట్టలేదట. 'నాకు అడ్డంగా ఉంది, తీసుకుపో' అందట అక్క.

"అంటే నువ్వు ఇవేమీ అమ్మలేదా?" అన్నాడు జేహ్యోక్ నోరు తెరిచి.

అక్కకు కోపం వచ్చింది. "అమ్మడమంటే ఇంకొకళ్ళ చేత కొనిపించడమేగా? నా నోటితో 'కొను' అని ఎలా చెప్పమంటావురా?"

సరిగ్గా అప్పుడే వసిలికీ గారు దిగింది. ఇంటి ముందు సంతను చూసి ఆవిడ నోరు తెరిచేలోగా, వీధి మలుపులో పచ్చ సోఫా నడిచి రావడం కనిపించింది. కింద రెండు జతల కాళ్ళున్నాయి. దించితే అర్జెంటీనా జంట, లౌతారో, మికాయెలా. చెమటతో తడిసిపోయారు.

"క్షమించండి," అంది మికాయెలా. "ఖాళీ గది దొరికింది, బట్టలు పరుచుకుని పడుకుంటున్నాం. ఆవిడే చెప్పింది, గడ్డి మీద పెట్టింది మనదేనని."

అందరూ అక్క వైపు చూశారు. వసిలికీ గారు సోఫా చుట్టూ తిరిగింది, తర్వాత ఇల్లంతా తిరిగింది. అక్క గది ముందు ఆగింది.

"ఈ గదికి ఇనుప మంచం ఇచ్చానే. ఏదీ?"

"నేల మీద పడుకుంటే నడుముకి..." అంది అక్క.

ఇన్నాళ్ళూ నేను హాయిగా నిద్రపోతున్నది అక్క మంచం మీద! నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

వసిలికీ గారు బయటికొచ్చి, గడ్డి మీదున్న సోఫాలో కూలబడింది. కాసేపటికి ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాం. నవ్వుతోంది.

"మా స్పిరో కూడా ఇలాగే మోసుకొచ్చాడు. నెత్తిన పెట్టుకుని."

"దుకాణం నుంచా అండీ?" అన్నాను.

"దుకాణమా, నా మొహమా! పక్క వీధి గడ్డి మీద నుంచి. పరువు పోతుందని కొన్నాడని అందరికీ చెప్పుకున్నాం."

"కొనలేదా!" అని అక్క పెట్టిన కేకకు పక్కింటి కుక్క మొరిగింది. చేతులు పైకెత్తి, ఆ గడ్డి మీదే రెండు గెంతులు వేసింది.

ఇల్లు నిలబడింది. వసిలికీ గారు తన షెడ్డు తాళం తీసి అర్జెంటీనా వాళ్ళకు మంచం ఇప్పించింది. అక్కకూ ఓ మంచం ఇచ్చి, దాని మీద పడుకోకపోతే అద్దె పెంచుతానని బెదిరించింది. ఇక ఆవిడకు మర్యాద చెయ్యాలి కదా. అక్క మమ్మల్నందరినీ వెంటబెట్టుకుని గ్రీకు బేకరీకి వెళ్ళింది. అద్దాల వెనక ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్ద కేకు చూపించింది.

"మూసేవేళకి రా అమ్మా, సగానికిస్తా," అన్నాడు బేకరీ ఆయన, అలవాటు కొద్దీ.

"వద్దు. ఇప్పుడే కావాలి," అని అక్క పర్సు తెరిచింది.

వీధిలో ఉన్న మేమంతా, జపానూ ఐర్లాండూ అర్జెంటీనా కలిసి, ఒక్క గొంతుతో అరిచాం:

"ఆగక్కా! కొనకు!"

అక్క వెనక్కి కూడా తిరగలేదు. పూర్తి ధర కట్టి, కేకును రెండు చేతులా ఎత్తుకుని, మా మధ్యలోంచి రాణిలా నడిచి వెళ్ళిపోయింది.