ఒకే అరలో అన్నదమ్ములు

ఎదురు ఫ్లాట్ చైనా ఆంటీ సామాను సర్దుకుంటోందన్న కబురు మొదట తెచ్చింది మా అమ్మాయి. "అమ్మా, ఆంటీ కేర్ హోమ్‌కి మూవ్ అవుతోంది. హెల్ప్ కావాలంట. నువ్వే రావాలంట."

నేను బడి గడప తొక్కలేదు. అమ్మే ఇంట్లో చదువు చెప్పింది. అమెరికాలో ఈ ప్లెయిన్స్‌బరో వచ్చాక నాకు లైబ్రరీ కార్డు ఇప్పించి, నా వంకర ఇంగ్లీషుకు ఒక్కసారీ నవ్వకుండా పక్కన కూర్చుని చదివించింది ఈ ఆంటీయే. రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకునేటప్పుడు ఆవిడ పేరు కూడా చెప్పుకుంటాను.

వెళ్ళగానే, అలవాటు కొద్దీ, పటాల దుమ్ము తుడిచాను. గోడమీద ఉన్నది ఆవిడ తాతగారు. సొరుగు అడుగున గుడ్డలో చుట్టిన ఇంకో పటం దొరికింది. అదే ముక్కు, అవే చెవులు. పెద్దలందరినీ ఒక వరుసలో పెట్టడం మా ఇంటి పద్ధతి. రెంటినీ ఒకే అరలో నిలబెట్టి చెరో పువ్వూ పెట్టాను.

ఆంటీ టీ కప్పు టక్కున కింద పెట్టేసింది. "తీసెయ్! మా తాత పక్కన వాడా?"

వాడంటే తాతగారి తమ్ముడు. రాజు పోయి రిపబ్లిక్ వచ్చిన కొన్నేళ్ళకే చైనాలో రెండు ప్రభుత్వాలు లేచాయి. బీజింగ్‌లో పార్లమెంటును రద్దు చేసినవాళ్ళది అసలు ప్రభుత్వమే కాదని తాత దక్షిణాన కాంటన్ వెళ్ళిపోయాడు. తమ్ముడు బీజింగ్‌లోనే ఉద్యోగం చేసుకుంటూ ఉండిపోయాడు. తండ్రి సమాధి రాతిమీద తమ్ముడు తన హోదా చెక్కించుకుంటే, దొంగ ప్రభుత్వమిచ్చిన హోదా అని అన్న ఉలితో చెరిపించాడట.

"అప్పట్లో బయటి దేశాలు బీజింగ్‌నే ఒప్పుకున్నాయని మీరిచ్చిన పుస్తకంలోనే ఉంది కదా, ఆంటీ," అన్నాను మెల్లగా.

"దేశాలు ఒప్పుకుంటే సరా? మా తాత ఒప్పుకోలేదు."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు దాచారు?"

కిటికీవైపు తిరిగింది. "తాత కాంటన్‌లో ఉన్నన్నాళ్ళూ మా నాన్నకి అన్నం పెట్టింది ఆయనే."

అయినా కొత్త గదిలో ఒక్క పటమే పడుతుందంది. ఆ గది నేను చూశాను. అర పొడుగ్గానే ఉంది.

"దీన్ని నువ్వేం చేసుకుంటావో చేసుకో," అని అటు తిరిగే చెప్పింది.

తెచ్చి మా దేవుడి అలమర కింది అరలో పెట్టాను. చైనావాళ్ళు పెద్దల సమాధులు శుభ్రం చేసే వసంతకాలపు పండగ రోజున కాస్త అన్నం, ఒక నారింజ పెట్టాను. ఎవరి ప్రభుత్వం సరైనదో తేల్చడానికి నేనెవరిని? కానీ నాకు చదువు చెప్పిన మనిషి కాదన్నవాణ్ణి నేను పెద్దల్లో ఒకడిగా నిలబెట్టవచ్చా? ఆంటీని చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా చెప్పేద్దామనుకుంటాను. అక్కడ అరలో ఒంటరిగా ఉన్న తాతగారిని చూడగానే నోరు రాదు.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీ పెద్దలకు దీపం పెట్టేటప్పుడు, అన్న కొడుక్కి అన్నం పెట్టిన ఆ తమ్ముణ్ణి కూడా ఒక్కసారి తలుచుకోండి.